ప్లాంటు దాకా రాని మురుగే సముద్రాన్ని పాడుచేస్తోంది

మీరు అడిగింది ఇదీ: విశాఖలో ఇన్ని మురుగునీటి శుద్ధి ప్లాంట్లు ఉన్నాయంటారు కదా, మరి లాసన్స్ బే, జోడుగుళ్ళపాలెం వైపు పొద్దున్నే నడకకి వెళ్తే నల్లటి నీళ్ళు ఇసుకని కోసుకుంటూ సముద్రంలో ఎందుకు కలుస్తున్నాయి, ఇంకో పెద్ద ప్లాంటు కడితే ఆగుతుందా, లేకపోతే పెద్ద పైపు వేసి దూరంగా సముద్రం లోపల వదిలేస్తే సరిపోతుందా, ఇందులో మేమేం చేయగలం అని.

నేను ఎక్కువ కాలం తూర్పు తీరంలో మురుగునీటి శుద్ధి ప్లాంట్లు (ఎస్‌టీపీలు) నడిపే పనిలోనే ఉన్నానండి, కాబట్టి సూటిగా చెప్పేస్తాను. ప్లాంటులో శుద్ధి అయి బయటికొచ్చే నీటి వల్ల సముద్రానికి జరిగే నష్టం తక్కువ. అసలు ప్లాంటు గేటు దాకా రాకుండా మధ్యలోనే జారిపోయే మురుగు చేసే నష్టం చాలా ఎక్కువ. మనం మాత్రం ఎప్పుడూ "ఎన్ని ఎంఎల్‌డీల ప్లాంటు కట్టారు" అనే అడుగుతాం, పేపర్లలో వచ్చేదీ అదే, శిలాఫలకం మీద రాసేదీ అదే. ఆ అంకె సముద్రం గురించి ఏమీ చెప్పదు.

ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు 10 లక్షల లీటర్లు. ఇంటి మురుగులో బీవోడీ, అంటే అందులో కుళ్ళే పదార్థాన్ని తినేయడానికి సూక్ష్మజీవులకు కావాల్సిన ఆక్సిజన్, మన ఊళ్ళలో మామూలుగా లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. 250 అనుకుందాం. బాగా నడిచే ప్లాంటు దాన్ని 10కి దించుతుంది. 100 ఎంఎల్‌డీ నీటిని అలా శుద్ధి చేసి వదిలితే రోజుకు 1,000 కిలోల బీవోడీ సముద్రంలోకి పోతుంది. అదే రోజు గెడ్డలోంచి (వాన నీరు పారే వాగులోంచి) కేవలం 10 ఎంఎల్‌డీ పచ్చి మురుగు జారిపోయిందనుకోండి, అది 2,500 కిలోలు. శుద్ధి అయినదాంట్లో పదో వంతంత తప్పిపోతే, శుద్ధి చేసిన మొత్తం నీటికి రెండున్నర రెట్లు చెడుపు అన్నమాట.

క్రిముల లెక్క ఇంకా ఘోరం. పచ్చి మురుగులో 100 మిల్లీలీటర్లకి మలసంబంధ కోలిఫామ్ బ్యాక్టీరియా కోటి దాకా ఉండటం మామూలే. శుద్ధి చేసిన నీటిలో అది 1,000 దాటకూడదని 2017లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ చెబుతోంది. మనుషులు స్నానం చేసే సముద్రపు నీటికైతే పరిమితి 100. అంటే ఒక లీటరు పచ్చి మురుగుని కేవలం కలిపి పలచన చేసి స్నానానికి పనికొచ్చేలా చేయాలంటే లక్ష లీటర్ల శుభ్రమైన సముద్రపు నీళ్ళు కావాలి. ఎండకి, ఉప్పుకి కొన్ని క్రిములు చస్తాయి, నిజమే. కానీ గెడ్డ ముఖం దగ్గర మోకాళ్ళ లోతులో ఆడుకుంటున్న పిల్లలకి అంత టైమ్ దొరకదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, ఈ మురుగు ప్లాంటుకి ఎందుకు చేరడం లేదు.

విశాఖ నేల కొండలూ పల్లాలూ. సింహాచలం కొండల నుంచి, కైలాసగిరి వైపు నుంచి వాన నీళ్ళు గెడ్డల గుండా దిగుతాయి. కొన్ని గెడ్డలు తిన్నగా బీచ్‌కి వస్తాయి, ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ లాంటివి హార్బర్ వైపు పోతాయి. ఇవి వాన కోసం ఉన్న దారులు. ఎండాకాలంలో చాలావరకు ఎండిపోయి ఉండాలి. నెల రోజులుగా చినుకు లేని మార్చి నెలలో కూడా గెడ్డ పారుతోందంటే, పారేది దాదాపుగా మన ఇళ్ళలోంచి వచ్చిందే.

ఇళ్ళలోంచి గెడ్డలోకి ఎలా వస్తుందంటే, అందరూ అనుకున్నట్టు ఎవరో దొంగచాటుగా వదలడం వల్ల కాదు (అదీ ఉంది, తర్వాత చెప్తాను). చాలా ఇళ్ళకి సెప్టిక్ ట్యాంకు ఉంటుంది, దాని అవుట్‌లెట్ పైపు రోడ్డు పక్క కాలువలోకి ఉంటుంది, కాలువ గెడ్డలో కలుస్తుంది. సెప్టిక్ ట్యాంకు ఉంది కదా, శుద్ధి అయిపోయినట్టే అని ఇంటాయన నమ్మకం. సెప్టిక్ ట్యాంకు చేసేది గట్టి పదార్థాన్ని కిందికి దించడం, కొంత కుళ్ళబెట్టడం, అంతే. పైన తేరి బయటికి పోయే నీటిలో సగానికి సగం బీవోడీ అలాగే ఉంటుంది, క్రిములు లక్షల్లో ఉంటాయి. ఆ నీరు ఇంకుడు గుంతలోకి పోవాలి, లేదా అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ (యూజీడీ) లైనులోకి పోవాలి. కాలువలోకి పోకూడదు.

మరి యూజీడీ వేసిన వీధుల్లో? నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. కోట్లు పెట్టి రోడ్డు తవ్వి పైపు వేస్తారు, మ్యాన్‌హోల్ కడతారు, ఇంటి ముందు చాంబర్ కూడా కట్టేస్తారు, ఇంట్లోంచి ఆ చాంబర్‌కి కలపాల్సిన పది అడుగుల పైపు మాత్రం ఉండదు. ఎందుకంటే అది ఇంటి యజమాని పని, ఖర్చు యజమానిది. మరుగుదొడ్డి ఇంటి వెనక ఉంటుంది, ముందుకి తేవాలంటే హాల్లో టైల్స్ పగలగొట్టాలి, వాలు సరిపోదు, అద్దెకున్నవాళ్ళకి పట్టదు, యజమాని వేరే ఊళ్ళో ఉంటాడు. వీధిలో సగం ఇళ్ళు కలవకపోతే లైనులో నీళ్ళు చాలక గట్టి పదార్థం కదలదు, పేరుకుపోతుంది, పొంగుతుంది, "చూశారా, యూజీడీ వేస్తే ఇదీ గతి" అని కలపాలనుకున్నవాళ్ళు కూడా వెనక్కి తగ్గుతారు. లైను వేసే కాంట్రాక్టులోనే ఇంటి లోపలి కనెక్షన్ కూడా కలిపేసి, ఖర్చు నగరం భరించి, ఒకే దెబ్బతో వీధి మొత్తం పూర్తిచేస్తే తప్ప ఇది తెగదు. కొత్త ప్లాంటుకి పెట్టే డబ్బులో ఒక భాగం దీనికి పెట్టినా సముద్రానికి దానికంటే ఎక్కువ మేలు జరుగుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

దేశం మొత్తంలో కూడా ఇదే పరిస్థితి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020-21 లెక్కల్లో పట్టణాల మురుగు 72,368 ఎంఎల్‌డీ, కట్టిన ప్లాంట్ల సామర్థ్యం 31,841, నిజంగా శుద్ధి అవుతున్నది 20,236. మొదటి రెండు అంకెల మధ్య తేడా గురించి అందరూ మాట్లాడతారు. రెండో అంకెకీ మూడో అంకెకీ మధ్య కూడా పదకొండు వేలకి పైగా ఎంఎల్‌డీ తేడా ఉంది చూడండి. కట్టిన సామర్థ్యం అది, వాడుకలో లేదు. కొన్నిచోట్ల ప్లాంటు పాడై ఆగిపోయి ఉండొచ్చు, చాలా చోట్ల మాత్రం నీళ్ళు ప్లాంటు దాకా రాకపోవడమే కారణం.

మురుగు జారిపోయే రెండో చోటు పంపింగ్ స్టేషన్. తీర నగరంలో మురుగు తనంతట తానుగా ప్లాంటుకి పోదు, పల్లపు ప్రాంతాల్లో సంపులోకి చేరితే మోటార్లతో ఎత్తి పంపాలి. మోటారు ఆగిందంటే సంపు గంటలోపే నిండిపోయే చోట్లు ఉంటాయి, ఆ తర్వాత ఓవర్‌ఫ్లో పైపు గుండా గెడ్డలోకి. కరెంటు పోతే జనరేటర్ ఉండాలి, జనరేటర్‌లో డీజిల్ ఉండాలి, రాత్రి రెండింటికి దాన్ని స్టార్ట్ చేసే మనిషి ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో చాలా ప్రాంతాలకి రోజుల తరబడి కరెంటు లేదు, గుర్తుండే ఉంటుంది. అలాంటి తుపాను ఇంకొకటి వస్తే ఎన్ని పంపింగ్ స్టేషన్లు ఎన్ని గంటలు నడవగలవు అన్నదే తీర నగరంలో మొదట అడగాల్సిన ప్రశ్న. మామూలు రోజుల్లో మోటార్లని ఆపేది తుపాను కాదు, గుడ్డ పేలికలు, శానిటరీ ప్యాడ్లు, వెట్ వైప్స్, చిప్స్ కవర్లు. మోటారులో తిరిగే ఇంపెల్లర్ రెక్కలకి తాడులా చుట్టుకుంటాయి. దాన్ని ఊడదీయడానికో, బ్లాకైన మ్యాన్‌హోల్ తీయడానికో రక్షణ సామగ్రి లేకుండా మనిషిని లోపలికి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం, అయినా దింపుతున్నారు. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, వాసన పోయింది కదా అని దిగినవాడు తిరిగి రాడు. మీ వీధిలో ఎవరైనా మనిషిని దింపుతుంటే ఆపండి, నీటి ధారతో పైపు శుభ్రం చేసే జెట్టింగ్ మెషిన్ తెప్పించమని గట్టిగా పట్టుబట్టండి.

తీర నగరాలకే ఉండే ఇంకో గొడవ ఉంది, దీని గురించి బయట ఎవరూ మాట్లాడరు. బీచ్ దగ్గర భూగర్భ జలం పైకే ఉంటుంది, పైపులు దాని కింద ఉంటాయి. పాత పైపుల జాయింట్లు వదులైతే పోటు సమయంలో ఉప్పునీరు లోపలికి ఊరుతుంది. అప్పుడు ప్లాంటుకి వచ్చే నీరు పరిమాణంలో ఎక్కువ, చిక్కదనంలో తక్కువ, పైగా ఉప్పన. ఒకపూట ఉప్పు పెరిగి ఒకపూట తగ్గుతుంటే ప్లాంటులోని బ్యాక్టీరియా తట్టుకోలేవు, బురద సరిగ్గా దిగదు, పైన తెల్లగా తేలిపోతుంది. ఆ ఉప్పు శుద్ధిలో పోదు కూడా, కాబట్టి ఆ నీటిని ఫ్యాక్టరీ వాళ్ళు తీసుకోవాలన్నా ఉప్పు తీసే ఆర్‌ఓ వడపోత పెట్టాలి, ఖర్చు పెరుగుతుంది. ప్లాంటుకి వచ్చే మురుగు బీవోడీ 250 ఉండాల్సింది 80, 90 చూపిస్తోందంటే నేను మొదట అనుమానించేది ఇదే, లేదా గెడ్డ నీళ్ళు కలుస్తున్నాయని. కొందరు మాత్రం దాన్ని చూసి "మన మురుగు చాలా తేలిక, ప్లాంటు భేష్‌గా పనిచేస్తోంది" అని రిపోర్టు రాసేస్తారు.

ప్లాంటు లోపలి సంగతి ఎక్కువ చెప్పను. ఇప్పుడు కొత్తగా కడుతున్నవి చాలావరకు ఎస్‌బీఆర్ రకం, ఒకే ట్యాంకులో నింపడం, గాలి కొట్టడం, తేర్చడం, పైనీటిని వంపడం వంతులవారీగా జరుగుతాయి. చక్కగా నడిపితే బీవోడీ 10 లోపు రావడం కష్టమేమీ కాదు. 2017 నోటిఫికేషన్ మెట్రో నగరాలకి 20, మిగతావాటికి 30 అంటే, 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) అది చాలదు, 10కి దించండి అంది. సరైన మాటే. కరెంటు బిల్లులో సగానికి పైగా గాలి కొట్టే బ్లోయర్లదే, కాబట్టి ఆపరేటర్ మీద బిల్లు తగ్గించమని ఒత్తిడి వస్తే మొదట ఆగేది బ్లోయరే. ఆఖర్లో క్రిములు చంపడానికి క్లోరిన్ వేస్తారు. సముద్రంలోకి వదిలే నీటికి క్లోరిన్ ఎక్కువ పోస్తే అది చేప గుడ్లకీ పిల్లలకీ విషం, మిగిలిన క్లోరిన్‌ని తీసేసి వదలాలి. నీరు తేటగా ఉంటే యూవీ (అతినీలలోహిత కిరణాలు) మేలు, మసకగా ఉంటే యూవీ దండగ.

ఇక పైపు విషయం. "సముద్రం ఎంత పెద్దది, లోపలికి వదిలేస్తే కలిసిపోతుంది" అనే మాట చదువుకున్నవాళ్ళు కూడా అంటుంటారు. సముద్రం పెద్దదే, కానీ మనం వదిలే తీరపు అంచు పెద్దది కాదు. మురుగు కూడా ఉప్పులేని నీరే, సముద్రపు నీటికంటే తేలిక, అడుగున వదిలినా పైకి లేస్తుంది. అందుకే పైపు చివర సన్నటి రంధ్రాల డిఫ్యూజర్ పెట్టి, తగినంత లోతులో వదిలితేనే పైకి వచ్చేలోపు వంద రెట్లు పలచనవుతుంది. లోతు తక్కువైతే ఆ పని జరగదు. విశాఖలో పెద్ద పోటుకీ పాటుకీ మధ్య తేడా ఒకటిన్నర మీటరు అటూ ఇటూ, ముంబైలో నాలుగైదు మీటర్లు, కాబట్టి అక్కడ నీరు కదిలినట్టు ఇక్కడ కదలదు. మన తీరం వెంట ప్రవాహం కూడా ఏడాదంతా ఒకే దిక్కుగా ఉండదు. ఎండాకాలం ముందు ఉత్తరంగా సాగుతుంది, అక్టోబరు తర్వాత దక్షిణానికి తిరుగుతుంది. ఒక కాలంలో పరీక్ష చేసి పైపు ఎటు వేయాలో నిర్ణయిస్తే, ఇంకో కాలంలో అదే మురుగు వేరే బీచ్‌కి వస్తుంది.

ముంబై చూడండి. వర్లీ, బాంద్రాల దగ్గర 3.4 కిలోమీటర్ల సొరంగాలు వేసి సముద్రంలోకి మురుగు వదలడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. అయినా మిఠీ నది, నాలాల గుండా పచ్చి మురుగు ఒడ్డున కలుస్తూనే ఉంది, బీచ్‌లు బాగుపడలేదు. బోస్టన్‌లో 2000లో 15 కిలోమీటర్ల పొడవైన సొరంగం తెరిచారు, అక్కడ హార్బర్ నిజంగానే కోలుకుంది, కానీ వాళ్ళు పైపు మీద ఆధారపడలేదు, ముందు పూర్తి స్థాయి శుద్ధి పెట్టి, బురదని సముద్రంలో వదలడం 1991లోనే ఆపేసి, ఆ తర్వాత ఆ శుద్ధి చేసిన నీటిని దూరంగా పంపారు. పైపు ఆఖరి మెట్టు. మొదటి మెట్టు కాదు. పలచన చేస్తే నత్రజని ఎక్కడికీ పోదు, ప్లాస్టిక్ పోదు, నూనె పోదు. మన ఇన్నర్ హార్బర్‌లో, ఇరుకు ముఖద్వారం వల్ల నీరు సరిగా మారని చోట, నత్రజని, ఫాస్ఫరస్ చేరితే నీరు పచ్చబడి, నాచు చచ్చి కుళ్ళి, ఆక్సిజన్ పడిపోయి చేపలు తేలడం దశాబ్దాలుగా చూస్తున్నదే. ముందుగా దెబ్బతినేది ఒడ్డుకి దగ్గర్లో చిన్న తెప్పల మీద వేటాడే జాలర్లు. పెద్ద బోటు ఉన్నవాడు ఇంకో యాభై కిలోమీటర్లు లోపలికి పోగలడు. కవళ్ళు, నెత్తళ్ళ కోసం వల వేసే పెద్దజాలరిపేట మనిషి పోలేడు.

ఫ్యాక్టరీల పైపులు వేరే విషయం. ఫార్మా వ్యర్థాలని ఇంటి మురుగుతో కలపనే కూడదు, సాల్వెంట్లు, ఉప్పు, మందుల అవశేషాలు ఎస్‌టీపీ బ్యాక్టీరియాని చంపేస్తాయి, వాటికి శుద్ధి ఫ్యాక్టరీ గోడ లోపలే జరగాలి.

అసలు నా అభిప్రాయంలో విశాఖకి పైపు గురించి ఆలోచించాల్సిన అవసరమే తక్కువ. తాగునీటికి రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, ఏలేరు వైపు చూసే ఊరు ఇది, ఎండాకాలం వస్తే రిజర్వాయర్ మట్టాలు చూసి టెన్షన్ పడతాం. పక్కనే నీళ్ళు తాగే పెద్ద పరిశ్రమలున్నాయి. శుద్ధి చేసిన నీటిని ఇంకొంచెం శుద్ధి చేసి వాళ్ళకి అమ్మితే అంత మంచినీరు ఊరికి మిగులుతుంది. కొత్త ఆలోచనేమీ కాదు. చెన్నైలో కోయంబేడు, కొడుంగయ్యూర్ దగ్గర 45 ఎంఎల్‌డీ చొప్పున ఆర్‌ఓ దాకా శుద్ధి చేసి పరిశ్రమలకి ఇస్తున్నారు. సూరత్‌లో పాండేసర బట్టల మిల్లులకి 2014 నుంచి 40 ఎంఎల్‌డీ వెళ్తోంది. నాకు ఇందులో నచ్చేది డబ్బు కంటే ఇంకొకటి: నీళ్ళు కొనుక్కునేవాడు ఉంటే ప్లాంటు రోజూ సరిగ్గా నడుస్తుంది, నాణ్యత తగ్గితే ఆ సాయంత్రానికే ఫోన్ వస్తుంది. సముద్రం ఫోన్ చేయదు కదా, అందుకే సముద్రంలోకి వదిలే ప్లాంట్లని అడిగేవాడు ఉండడు.

ఈలోగా గెడ్డల సంగతి ఏంటంటే, ఇళ్ళన్నీ కలిసేదాకా ఆగలేం కాబట్టి, గెడ్డ బీచ్‌కి చేరే ముందు చిన్న అడ్డుకట్ట కట్టి, జాలీ పెట్టి, వాన లేని రోజుల్లో వచ్చే మురుగుని పంపుతో ప్లాంటుకి మళ్ళించాలి. జోరువానలో కట్ట మీదుగా పోతుంది, అది ఆపలేం. చాలాకాలం వాన లేక తర్వాత పడే మొదటి వాన మాత్రం గెడ్డలో పేరుకున్నదంతా ఊడ్చుకొస్తుంది, ఆ తర్వాత రెండు మూడు రోజులు గెడ్డ ముఖాల దగ్గర పిల్లల్ని నీళ్ళలోకి దింపకండి. ఈ మళ్ళింపు తాత్కాలికమే. దీన్నే శాశ్వతం అనుకుని ఇళ్ళ కనెక్షన్లు వదిలేస్తే మళ్ళీ మొదటికొస్తాం.

మేమేం చేయగలం అని అడిగారు కాబట్టి చెప్తాను. ముందు మీ అపార్ట్‌మెంట్ సెప్టిక్ ట్యాంకు అవుట్‌లెట్ ఎక్కడికి పోతోందో కనుక్కోండి, చాలామందికి తెలియదు. రెండు మూడేళ్ళకోసారి ట్యాంకు ఖాళీ చేయించండి, ఖాళీ చేసిన ట్యాంకర్ ఎక్కడ వదులుతోందో అడగండి, రాత్రిపూట గెడ్డలో వదిలేసే ట్యాంకర్లు చాలానే ఉంటాయి, ఎస్‌టీపీలోనే వదిలినట్టు రసీదు తెమ్మనండి. మేడ మీద వాన నీటి పైపుని మ్యాన్‌హోల్‌లో కలపకండి, వాన రోజు మీ వీధి పొంగడానికి అదే కారణం.

తర్వాత సమాచార హక్కు కింద అడగండి. ఎంత సామర్థ్యం అని అడగొద్దు. గత ఏడాదిలో రోజువారీగా ప్లాంటుకి ఎంత నీరు వచ్చింది, వచ్చిన నీటి బీవోడీ ఎంత, ఎన్ని యూనిట్ల కరెంటు కాలింది, ఎన్ని టన్నుల బురద ట్రాక్టర్లలో బయటికి వెళ్ళింది, ఎక్కడికి వెళ్ళింది అని అడగండి. వీటన్నిటినీ పక్కపక్కన పెడితే నిజం దానంతట అదే బయటపడుతుంది. ఎస్‌బీఆర్ ప్లాంటుకి ఒక ఎంఎల్‌డీకి రోజుకు సుమారు 150 నుంచి 250 యూనిట్లు కాలతాయి, నీరు పిండిన తడి బురద టన్ను అటూ ఇటూ వస్తుంది. 20 ఎంఎల్‌డీ శుద్ధి చేస్తున్నామని చెప్పే ప్లాంటు నుంచి వారానికి రెండు ట్రాక్టర్ల బురదే వెళ్తోందంటే ఆ మిగతా బురద ఎక్కడుంది? నీటితో పాటు బయటికే పోతోంది. ల్యాబ్ రిపోర్టు దిద్దొచ్చు, బురదని దాచలేరు.

గెడ్డ నీటి శాంపిల్ మీరే తీయించాలనుకుంటే వాన పడి కనీసం వారం అయ్యాక, పాటు వేళ, సముద్రపు నీరు గెడ్డలోకి ఎగదన్నని సమయంలో, పొద్దున్న ఏడు తొమ్మిది మధ్య తీయించండి. ఇళ్ళలో నీటి వాడకం ఎక్కువుండే వేళ అది. క్రిముల పరీక్షకి స్టెరిలైజ్ చేసిన సీసా ల్యాబ్ వాళ్ళే ఇస్తారు, ఐస్‌లో పెట్టి ఆరు గంటల్లోపు ఇచ్చేయాలి. కోలిఫామ్‌తో పాటు ఎంటరోకోకై (పేగుల్లో ఉండే ఇంకో రకం బ్యాక్టీరియా) పరీక్ష కూడా చేయమనండి, ఉప్పునీటిలో అవి ఎక్కువసేపు బతుకుతాయి కాబట్టి బీచ్‌కి ఆ అంకె నమ్మదగినది. ఒక్క శాంపిల్‌తో వాదనకి దిగొద్దు, ఒకే చోట, ఒకే వేళ, నెలకొకటి చొప్పున ఏడాది పాటు తీయించి పెట్టుకోండి. ఫలితాలొచ్చాక ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.